రంగు పట్టని పోగు

“నన్నెవరూ దింపలేదు, నేనే దిగాను” అని యాసిడ్ మేస్త్రి ఆ తరువాత అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చెప్పుకున్నాడు. అందులో అబద్ధం లేదు. “మీరు దిగుతారా, నన్ను దింపమంటారా?” అని కండక్టరు అడిగిన తరువాతే దిగాడన్న సంగతి మాత్రం చెప్పేవాడు కాదు.

గొడవ ఒక తువ్వాలు దగ్గర మొదలైంది. పక్క సీట్లో ఒక లావుపాటాయన నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. ఆయన భుజం మీది నీలం తువ్వాలు జారి మేస్త్రి మోకాలి మీద పడింది. అంతే, మేస్త్రి వేళ్లు వాటి పని అవి చేసుకుపోయాయి. అంచులోంచి ఒక పోగు లాగాయి, పురి విప్పాయి, వెలుతురుకు ఎత్తి పట్టాయి. రంగు పోగు గుండె దాకా దిగిందా, పైపైన పూసుకుని కూర్చుందా అన్నది పురి విప్పితేనే తెలుస్తుంది. అద్దకం పనిలో ముదిరిన చేతులకు ఇది కనురెప్ప వేయడం లాంటిది. చేస్తున్నట్టు చేసేవాడికే తెలియదు.

“ఏమండీ, లేవండి. మిమ్మల్ని మోసం చేశారు.”

ఆయన ఉలిక్కిపడి జేబు తడుముకున్నాడు.

“జేబు కాదండీ, తువ్వాలు. చూడండి, పైన నీలం, లోపల తెలుపు. రెండు ఉతుకులు పడ్డాయంటే మీ మెడ నీలమవుతుంది, తువ్వాలు తెల్లబడుతుంది. ఎవడంటగట్టాడు మీకు?”

“మా అల్లుడు తెచ్చాడు.”

“అయితే అల్లుడి పురి కూడా ఒకసారి విప్పి చూసుకోండి.”

ఆ మాటతో బస్సు రెండు పక్షాలైంది. ఒక పక్షంలో అందరూ, రెండో పక్షంలో మేస్త్రి. కాసేపటికి బస్సు దుమ్మూ పొగా కలిపి అతని మొహాన కొట్టి వెళ్లిపోయింది. రోడ్డుకు రెండు పక్కలా ఏరేసిన పత్తి చేలు, ఎండిన కంపలు. చేతిలో ఆకుపచ్చ ప్లాస్టిక్ గోతం. ఒకప్పుడు ఎరువు మోసిన గోతం అది. మూతి దగ్గర కుట్లు ఊడి పీచులు వేలాడుతున్నాయి. లోపల ఒక ముదురు నీలం బట్ట చుట్ట ఉంది. అతని బతుకంతా ప్రస్తుతం ఆ చుట్టలోనే ఉంది.

యాసిడ్ అన్నది అమ్మానాన్నలు పెట్టిన పేరు కాదు. మీసం రాకముందే రంగుల తొట్ల దగ్గర పనికి చేరాడు. మొదట నీళ్లు మోశాడు, తరువాత కర్ర తిప్పాడు, ఆ తరువాత కర్ర తిప్పేవాళ్లని తిట్టే మేస్త్రి అయ్యాడు. ఆ తిట్టే పనిలో అతన్ని మించినవాడు లేడని తోటివాళ్లు ఒప్పుకుని ఈ పేరు పెట్టారు. కట్టుకున్న ఆవిడ కొంతకాలం ఓర్చుకుని, “నీ తొట్లతోనే కాపురం చేసుకో” అని పుట్టింటికి పోయి మరి రాలేదు. అతను నిజంగానే తొట్లతో కాపురం చేశాడు. తెల్లారేసరికి ఆవిరి లేచే ఆ పొడుగాటి కొట్టంలో, తొట్టి మూత తీసిన క్షణంలో మాత్రం అతని మొహం మెత్తబడేదని చెబుతారు. అది ఆవిరి వల్ల కావచ్చునని కూడా వాళ్లే అంటారు.

ఇక ఆ బట్ట చుట్ట సంగతి. సముద్రం అవతల చొక్కాలు కుట్టేవాళ్ల కోసం అద్దిన నీలం అది. ఓడెక్కి వెళ్లింది, ఓడెక్కి తిరిగొచ్చింది. విప్పి చూస్తే నీలం మీద అక్కడక్కడా వెంట్రుకంత తెల్లటి గీతలు, పిల్లి గీరినట్టు.

పత్తికాయ నుంచి చొక్కా గుండీ దాకా ఎంత దారి ఉందో చొక్కా వేసుకునేవాడు ఆలోచించడు. ఏరేవాళ్లు, మోసేవాళ్లు, గింజ తీసేవాళ్లు, నూలు తీసేవాళ్లు, నేసేవాళ్లు, రంగు వేసేవాళ్లు, కుట్టేవాళ్లు. ఈ దారిలో ఒక దుర్మార్గం ఉంది. తప్పు చేసిన చోట కనిపించదు. చేలో పత్తిని ప్లాస్టిక్ గోతంలో కుక్కుతారు. గోతం పీచు ఒకటి తెల్లగా పత్తిలో కలుస్తుంది. తెల్లటి దూదిలో అది కనిపించదు, తెల్లటి నూలులో కనిపించదు, తెల్లటి బట్టలోనూ కనిపించదు. రంగు తొట్టిలో మునిగాక పత్తి రంగు తాగుతుంది, ప్లాస్టిక్ తాగదు. అప్పుడు కనిపిస్తుంది. కనిపించేసరికి ఎవరి చేతిలో ఉంటే వాళ్లే దొంగ. పాత చరిత్ర పుస్తకాల్లో నూలుబట్ట కోసం కొట్టుకుచచ్చిన రాజ్యాల కథలు బోలెడు దొరుకుతాయి. ఆ బట్ట అద్దినవాడిని ఎవరు తిట్టారో ఒక్క పుస్తకంలోనూ ఉండదు. ఎవరో ఒకరు తిట్టే ఉంటారు.

అద్దకపు కొట్టం యజమాని కూడా అదే పని చేశాడు.

“రంగు పట్టలేదంటే రంగు వేసినవాడిదే తప్పు.”

“రంగు పట్టనిది పత్తి కాదు బాబూ, ప్లాస్టిక్. పత్తి గింజ తీసినప్పుడే కలిసింది.”

“అయితే ఆ గింజ తీసినవాణ్ని తీసుకొచ్చి నా ముందు ఆ మాట అనిపించు. అంతవరకూ తొట్ల దగ్గరికి రాకు. అనిపించలేకపోతే అసలే రాకు.”

పని ఉంటుందా ఊడుతుందా అన్నది ఇప్పుడు ఆ ఒక్క మాట మీద ఉంది. ఆ గింజ తీసిన జిన్నింగ్ మిల్లు మరెవరిదో అయితే మేస్త్రి ఎప్పుడో వెళ్లి గొంతు పట్టుకునేవాడు. అది సొంత అక్క మొగుడిది. ఆ గడప తొక్కక చాలా ఏళ్లయింది. అక్కకు బిడ్డ పుట్టినప్పుడు పనిలోంచి నేరుగా పరిగెత్తుకెళ్లి ఎత్తుకోబోతే, “ముందా చేతులు కడుక్కురావయ్యా” అన్నాడు బావ. కడుక్కునే వచ్చాడు. అద్దకపువాడి గోళ్లలో నీలం ఎంత తోమినా పోదు. “అయితే దూరం నుంచే చూడు” అన్నాడు బావ. చూడకుండానే వచ్చేశాడు మేస్త్రి. ఆ బిడ్డ పెరిగి, పెద్దయి, పెళ్లయి ఎక్కడో కాపురం చేసుకుంటోంది. అతను ఇంకా ఆ గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు.

వెనక నుంచి ట్రాక్టరు చప్పుడు వినిపించింది. ట్రాలీ నిండా గింజపత్తి, కొండలా. నడుపుతున్నది ఒక ఆడమనిషి. ఎండకు నల్లబడిన మొహం, మోచేతుల దాకా మడిచిన మగ చొక్కా.

“ఎక్కడికి పెద్దాయనా?”

“పెద్దాయన ఎవరు? జిన్నింగ్ మిల్లుకి.”

“నేనూ అక్కడికే. ఇటు నా పక్కన ఎక్కండి, సరుకు మీద వద్దు.”

“ఆ రేకు మీద కూర్చుంటే నా ఎముకలన్నీ ఏరుకోవడానికి నీకు ఇంకో ట్రాలీ కావాలి” అంటూ మేస్త్రి చక్రం మీద కాలేసి పత్తి మీదికి ఎక్కేశాడు. గోతాన్ని పొట్టకు అడ్డం పెట్టుకుని, ఆమె తల వెనకాలే ముందుకు జరిగి కూర్చున్నాడు. ట్రాక్టరామె తిరిగి చూసి, ఏదో అనబోయి, గేరు వేసింది.

మెత్తటి చోటు దొరికితే మనిషి మెత్తబడతాడంటారు. ఇతను మెత్తబడలేదు.

“ఈ పత్తి ఎందులో ఏరారు? ప్లాస్టిక్ గోతాల్లోనేగా?” అని అరిచాడు, ఇంజను మోత మీదుగా.

“దుప్పట్లు పరిచి ఏరాం. నేనే దగ్గరుండి ఏరించాను.”

“అందరూ అదే చెబుతారు. మీ చేతుల్లో పడి ఈ దేశం పత్తి పరువు పోతోంది. బయటివాడు మన పత్తి బేలు చూడగానే ముక్కు మూసుకుంటున్నాడు. పీచు మంచిదే, మెత్తనిదే, కానీ అందులో కోడి ఈక నుంచి చెప్పు ముక్క దాకా దొరుకుతాయి!”

“మీరేం చేస్తుంటారు?”

“అద్దకం మేస్త్రిని.”

“అదా సంగతి! నేను నూలు మిల్లులో చేశాను. తెగిన పోగులు కలిపే పని.” ఆమె గొంతు మారింది. “మీకు నూలు పంపింది మేమే. నీలం అద్దకానికి పంపేవాళ్లం.”

“మీరా! మీ ముడులు నా బట్ట మీద మొటిమల్లా లేచేవి. పోగు కలపమంటే పగ్గం పేనినట్టు పేనేవాళ్లు!”

“మీ రంగు గురించి మా మిల్లులో ఏమనేవాళ్లో చెప్పమంటారా?”

“చెప్పక్కర్లేదు.”

“మీ బట్ట వానలో తడిస్తే ఇంటిల్లిపాదీ నీలంగా తేలేవాళ్లట.”

 

నూలు మిల్లు మూతపడి కొన్ని నెలలైంది. యంత్రాలు ముసలివి, కరెంటు ఉన్నప్పుడు ఉండేది, బయటినుంచి వచ్చే నూలు చవక. దానికి తోడు బయటి దేశాలవాళ్లు వాడి పారేసిన బట్టలు మూటలు మూటలుగా రేవులో దిగాయి. పత్తి పండించే నేల మీద మనుషులు ఎవరి పాత చొక్కాలో వేసుకుని తిరగడం మొదలుపెట్టారు. కొత్త నూలుతో ఎవరికి పని? అదంతా ఆమె మెడ తిప్పకుండా, రోడ్డుకు చెబుతున్నట్టు చెప్పింది.

“అయితే ఇప్పుడొకాయన కొంటానంటున్నాడు. చూసిపోవడానికి వస్తున్నాడట. నచ్చితే తెరుస్తాడు. మా పాతవాళ్లనే పిలుస్తాడట.”

“పిలిస్తే పోతావా? ఆ దుమ్ములోకి?”

“ఈ ట్రాక్టరు మా అన్నది. రోజూ మా వదిన మొహం చూసి తాళం చెవి అడగాలి. దుమ్ములోకి పరిగెత్తుకుంటూ పోతాను.”

“వాడు రాడు. వచ్చినా కొనడు. కొన్నా నడపడు” అన్నాడు మేస్త్రి. అతనికి ఓదార్చడం చేతకాదు, ఎవరైనా ఆశపడుతుంటే చూస్తూ ఊరుకోవడం అసలే చేతకాదు. ఇలా దారి పొడుగునా మిల్లుల మీద, యజమానుల మీద, ప్రభుత్వాల మీద, ఓడల మీద తిట్లు కురిపిస్తూనే ఉన్నాడు. తిడుతున్నంతసేపూ వేళ్లు ఊరుకోలేదు. ఒళ్లోని గోతం మూతి దగ్గర ఒక్కో పీచూ లాగి, మెలి విప్పి, వదిలేస్తూ పోయాయి.

జిన్నింగ్ మిల్లు ముందు పెద్ద ఖాళీ జాగా. ఒక మూల గింజల గుట్ట, ఇంకో మూల నొక్కి కట్టిన పత్తి బేళ్లు. లోపల యంత్రాల హోరు. గాలి నిండా నూగు తేలుతోంది. కనుబొమల మీద, తలుపుల మీద, సాలెగూళ్ల మీద కూడా తెల్లగా పేరుకుపోయింది. రేకుల పందిరి కింద ఆడవాళ్లు వరసగా కూర్చుని దించిన పత్తిని చేతులతో విప్పి, చెత్త ఏరుతున్నారు. అందరి తలలకూ నీలం గుడ్డలు. జుట్టు పత్తిలో రాలకుండా కట్టుకునేవి.

వాళ్ల మధ్య ఎత్తు పీట మీద కూర్చున్న అక్క తమ్ముణ్ని గుర్తుపట్టడానికి కాస్త సమయం తీసుకుంది. గుర్తుపట్టాక ఇంకా ఎక్కువ సమయం తీసుకుంది.

“ఏరా, దారి తెలిసిందా?”

“తెలీలేదు. ఇదిగో, ఈవిడ తెచ్చి పడేసింది.”

“నేను పోయాక వస్తావేమో అనుకున్నా.”

“అప్పుడూ వస్తాలే. బావేడీ?”

బావ గదిలోంచి బయటికొచ్చాడు. పొట్ట మీద బిగుతుగా ఒక ఎర్ర చొక్కా, ఛాతీ మీద ఎవరిదో పేరు, ఏదో ఆటగాళ్ల గుంపు గుర్తు. పాత బట్టల మూటలోది. ఊరందరి పత్తికీ గింజ తీసే మనిషి ఒంటి మీద తన పత్తి ఒక్క పోగు లేదు.

“రావయ్యా బావమరిదీ! చేతులు కడుక్కొచ్చావా?” అని నవ్వాడు.

మేస్త్రి ట్రాలీ దిగి, గోతంలోంచి బట్ట చుట్ట తీసి నేల మీద దొర్లించాడు. నీలం నీళ్లలా పరుచుకుంది.

“చూడు. ఇవి నీ మిల్లులో కలిసిన పీచులు. నువ్వు నాతో వచ్చి మా యజమాని ముందు ఆ మాట అను. అంటే నా పని నాకుంటుంది, లేకపోతే లేదు. నీ పత్తి చెడ్డదని అనక్కర్లేదు. పీచు పత్తితోనే వచ్చిందని అను, చాలు.”

“ఆ రెండిటికీ తేడా ఏమిటో చెప్పు. ఆ మాట నా నోటి నుంచి వస్తే రేపు నా గేటు దగ్గరికి ఈగ కూడా రాదు.” బావ చెయ్యి ఊపి పందిరంతా చూపించాడు. “అయినా నా దగ్గర ప్లాస్టిక్ ఎక్కడిది? చూసుకో. గుడ్డ సంచులు, గుడ్డ దుప్పట్లు. ఒక్క ఆడమనిషి తలైనా గుడ్డ లేకుండా ఉందా? బయటి దేశాలవాళ్లు రేపో మాపో చూడ్డానికొస్తున్నారు. మన పత్తి మెత్తదనానికి పడిచస్తున్నారు వాళ్లు. కొత్త యంత్రాలు పెడతాను. మంచి కాలం వస్తోందయ్యా, నువ్వు నీ పాత ఏడుపు తెచ్చి దానికి అడ్డం పెట్టకు.”

మేస్త్రి వెతికాడు. సంచులు తిరగేశాడు, బేళ్ల కుట్లు తడిమాడు, యంత్రాల కింద వంగి చూశాడు. నిజంగానే ఏమీ లేదు. ఆడవాళ్లు ముసిముసిగా నవ్వుకుంటున్నారు. బావ చేతులు కట్టుకుని వెంట నడుస్తున్నాడు. మేస్త్రికి చెవులు వేడెక్కాయి. అప్పుడు ఒకావిడ నుదుటి చెమట తుడుచుకుంది. ఆమె మణికట్టు నీలమైంది.

మేస్త్రి ఆగాడు. ఆమె నుదుటి మీదా నీలమే. పక్కావిడ చెవుల వెనక నీలం, ఆ పక్కావిడ మెడ మీద నీలం.

“బావా, ఈ తలగుడ్డలు ఎప్పటినుంచి కడుతున్నారు?”

“ఎప్పటినుంచో.”

“ఎప్పటినుంచో కడుతుంటే ఎప్పుడో ఒకప్పుడు ఉతికి ఉంటారుగా? ఒక్కసారి నీళ్లు చూసిన గుడ్డ ఇలా కారదు. గంజి కూడా పోలేదు, మడతలు చూడు, అట్టల్లా నిలబడ్డాయి. నిన్నో ఇవాళో కొట్లోంచి వచ్చిన గుడ్డలివి.”

“నీకేం తెలుసు?”

“నాకు తెలిసింది ఇదొక్కటే!”

“నిన్న పొద్దున ఇచ్చాడు” అంది అక్క, పీట మీద నుంచి కదలకుండానే. “నీ బట్ట తిరిగొచ్చిందన్న కబురు ఇక్కడికి చేరిన మర్నాడు. అంతకుముందు వీళ్ల జుట్టూ పత్తిలోనే, గోతాలూ పత్తిలోనే.”

“నువ్వు నోర్ముయ్” అన్నాడు బావ.

“నోరు మూసుకునే కదా ఇన్నేళ్లూ ఏరింది.”

మేస్త్రికి అంతటి ఆనందం ఎప్పుడు కలిగిందో గుర్తులేదు. బావ మొహం చొక్కా రంగులోకి తిరిగింది. “నడు మా యజమాని దగ్గరికి! నడు!” అని మేస్త్రి వేలు ఆడిస్తున్నాడు. సరిగ్గా అప్పుడు ట్రాలీ దించుతున్న వైపు నుంచి కేక వినిపించింది.

“అయ్యా! ఇందులో ప్లాస్టిక్!”

ఒకావిడ రెండు వేళ్ల మధ్య ఒక పీచు పట్టుకుంది. ఆకుపచ్చది. పక్కావిడకు ఇంకొకటి దొరికింది. తరువాత ఇద్దరికీ ఒకేసారి. పై పత్తిలో గడ్డి మొలిచినట్టు కనిపిస్తున్నాయి.

బావకు ప్రాణం లేచొచ్చింది. కానీ అతని కోపం ముందు ట్రాక్టరామె మీద పడింది.

“నా గేట్లోకి ప్లాస్టిక్ తెస్తావా? దుప్పట్లలో ఏరానని ఎన్ని కబుర్లు చెప్పావు! దించింది ఎత్తుకో. తీసుకుపో.”

“నా పత్తిలో లేవండీ ఇవి! నేను దగ్గరుండి...”

“మరి ఆకాశంలోంచి రాలాయా?”

ఈ సరుకు తిరిగి ఇంటికెళితే వదిన మొహం ఎలా ఉంటుందో మేస్త్రికి కూడా ఊహకందింది. అతను తన చేతిలో ఖాళీగా వేలాడుతున్న గోతం వైపు చూసుకున్నాడు. ఆకుపచ్చది. మూతి దగ్గర బెత్తెడు మేర చుట్టూ పీచు లేదు. బట్టతల మనిషి నుదురులా నున్నగా ఉంది. వేళ్లు అప్పుడు కూడా ఇంకో పీచు లాగుతూనే ఉన్నాయి.

అతను వెంటనే నోరు విప్పలేదు. ఆ మాట చెప్పుకోక తప్పదు. గోతాన్ని మెల్లగా వెనక్కి పెట్టుకున్నాడు.

“తమ్ముడూ, ఆ వెనక దాచింది ఇటు చూపించు” అంది అక్క.

ఆ తరువాత నవ్వింది బావ ఒక్కడే కాదు. పందిరంతా నవ్వింది. తలగుడ్డలు ఊగిపోయాయి. బావ నవ్వి నవ్వి దగ్గి, నూగు మింగి, మళ్లీ నవ్వాడు.

“పత్తిలో ప్లాస్టిక్ కలిపేవాణ్ని పట్టుకోవడానికి ఎంత దూరం వచ్చావయ్యా! ఇంట్లో అద్దం లేదా?”

ట్రాక్టరామె నవ్వలేదు. “ముందే చెప్పాను, సరుకు మీద ఎక్కొద్దని. ఏమయ్యా, నోరేమైంది ఇప్పుడు? దారంతా వాగావు కదా!”



గెలిచినవాడు దయగా ఉంటాడు. బావ అతన్ని గదిలోకి తీసుకెళ్లి, కుర్చీ చూపించి, టీ పోయించాడు. బల్ల మీద, కుర్చీ మీద, టీలో కూడా నూగు ఉంది.

“ఇంక ఈ తగువెందుకు? నా మాట విను. నేను వస్తాను మీ యజమాని దగ్గరికి.”

మేస్త్రి తలెత్తాడు.

“వచ్చి, పీచు కలిసింది ఈ బట్టకు నూలు తీసిన మిల్లులో అంటాను. నువ్వూ అదే అను. నీ తప్పూ కాదు, నా తప్పూ కాదు. ఈ నూలు తీశాక ఆ మిల్లు ఎలాగూ మూతపడింది. మూతపడ్డదాని మీద ఏం వేసినా అరవదు.”

మేస్త్రి టీ గ్లాసు చుట్టూ వేళ్లు బిగించాడు. అతనికి తొట్లు కనిపించాయి. మూత తీయగానే మొహాన కొట్టే ఆవిరి, కర్ర ఎత్తితే ఆకుపచ్చగా లేచి గాలి తగలగానే నీలంగా మారే బట్ట. అతను ఇంకెక్కడ పనికొస్తాడు? ఈ నోటితో ఎవరు పెట్టుకుంటారు?

“ఇవాళే వస్తావా?” అన్నాడు.

“ఇప్పుడే బండి తీయిస్తా.”

“మిల్లుకి నోరు లేదనుకుంటున్నారా?”

గుమ్మంలో ట్రాక్టరామె. సరుకు సంగతి తేల్చుకోవడానికి వచ్చి, విన్నది. “కొనేవాడు చూడ్డానికి వస్తున్నాడని ఇప్పుడే చెప్పాను ఈయనకి. పాడు నూలు తీసిన మిల్లని మీరిద్దరూ వెళ్లి చాటితే వాడు గేటు దాకా అయినా వస్తాడా? మేమంతా ఎక్కడికి పోవాలి?”

“నీ సరుకు దించనివ్వాలా వద్దా నేనింకా చెప్పలేదు” అన్నాడు బావ నెమ్మదిగా. “అడ్డమైన మాటల్లో తలదూర్చకు. పో, ఈయనగారి ఆకుపచ్చ పీచులన్నీ ఏరించు. అది తప్ప ఇంకో ప్లాస్టిక్ పోగు, ఏ రంగుదైనా సరే, ఒక్కటి దొరికిందా, మొత్తం తిప్పి పంపిస్తాను. ఇకనుంచి ఎప్పటికీ తీసుకోను.”

ఆమె మేస్త్రి వైపు చూసింది. బతిమాలుకునే చూపు కాదది. ఉమ్మేయడానికి ముందు చూసే చూపు. వెళ్లిపోయింది.

బావ లేచి, చొక్కా కిందికి లాక్కుని, మేస్త్రి దగ్గరికొచ్చి, అతని రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకున్నాడు.

“ఇవాళ్టి నుంచి మనిద్దరిదీ ఒకటే మాట. ఎంతైనా అయినవాళ్లం.”

మేస్త్రి ఆ చేతుల వైపు చూశాడు. తన గోళ్లలోని నీలం, బావ తెల్లటి వేళ్ల మధ్య. అవసరం పడితే ఈ చేతులు ముట్టుకోవచ్చన్నమాట. కడుక్కోకపోయినా సరే.

మెల్లగా వెనక్కి లాక్కున్నాడు.

“నీతో కలిసి నిజం చెబుదామని వచ్చాను. అది నీ వల్ల కాలేదు. అబద్ధమైనా సరే, నీతో పొత్తు నాకొద్దు.”

“పని పోతుందయ్యా పిచ్చోడా!”

“పోనీ. నా పని నా నోటితోనే పోగొట్టుకుంటాను, నీ నోటితో నిలబెట్టుకోను.”

అతనిది మంచితనమని పొరపాటు పడనక్కర్లేదు. నూలు మిల్లు మీద అతనికి పెద్ద ప్రేమేం లేదు. ఆ మిల్లువాళ్ల ముడుల గురించి అడిగితే ఇప్పటికీ ఒక గంట తిడతాడు. కానీ కొందరికి లోపలి మంటే వెన్నెముక. అది లేకపోతే నిలబడలేరు.

బయటికొచ్చాడు. పందిరి కింద ట్రాక్టరామె గొంతుక్కూర్చుని, తక్కిన ఆడవాళ్లతో కలిసి ఆకుపచ్చ పీచులు ఏరుతోంది.

“చూస్తావేం? వచ్చి ఏరు” అంది తలెత్తకుండా.

మేస్త్రి కూర్చున్నాడు. అతని వేళ్లు అందరికంటే వేగంగా కదిలాయి. నోరూ ఊరుకోలేదు. “ఇలా కాదు, అడ్డంగా విప్పు... అది పీచు కాదు, ఆకు ముక్క, కళ్లున్నాయా?” అని సణుగుతూనే ఉన్నాడు. అక్క ఇటే చూస్తోంది. బావ గది గుమ్మంలో నిలబడి, పళ్లు కుట్టుకుంటూ చూస్తున్నాడు.

పత్తి అడుగు పొరలో మేస్త్రి వేలికి ఏదో తగిలింది. లాగాడు. సన్నటి తెల్ల పీచు. మెలి విప్పాడు. పత్తి కాదు, ప్లాస్టిక్. అతని గోతంలోది కాదు. చేలో ఎవరో దుప్పటి చాలక తెల్ల గోతంలో కుక్కినప్పుడు కలిసింది. నీలం మీద పిల్లి గీరినట్టు కనిపించే గీత సరిగ్గా ఇదే.

“బావా!” అని అరిచాడు.

యంత్రాల హోరులో కూడా ఆ కేక అందరికీ వినిపించింది. ట్రాక్టరామె తలెత్తి అతని వేళ్ల మధ్య ఉన్నదాన్ని చూసింది. చూసిందేమిటో ఆమెకు తెలుసు. ఒక్కటి దొరికితే చాలునన్న బావ మాటా గుర్తుంది.

“ఏంటయ్యా?” అన్నాడు బావ, గుమ్మం దిగుతూ.

మేస్త్రి బొటనవేలు ఆ పీచును చూపుడువేలి చుట్టూ చుట్టేసింది. చుట్టి, పిడికిలి మూసింది.

“ఏం లేదు. నీ గుండె మీద ఎవడి పేరుందో ఎప్పుడైనా చదువుకున్నావా అని.”

బావ చొక్కా వైపు చూసుకున్నాడు. ఆడవాళ్లలో ఎవరో కిసుక్కుమన్నారు. మేస్త్రి లేచి, మోకాళ్లకు అంటిన నూగు దులుపుకోకుండానే, నేల మీద పరిచిన నీలం బట్టను తొక్కుకుంటూ దాటాడు. గోతం అక్కడే పడి ఉంది.

“ఒరేయ్, అన్నం తినిపోరా!” అంది అక్క. “ఈసారి ఎప్పుడొస్తావు? ఒరేయ్, నిన్నే!”

అతను గేటు దాటి రోడ్డు మీదికి తిరిగాడు. ట్రాక్టరామె లేచి నిలబడి, ఏదో అనడానికి నోరు తెరిచింది. అప్పటికే అతను దూరం నడిచాడు. పిడికిలి విప్పకుండా, వెనక్కి చూడకుండా, తొట్ల దగ్గరికి వెళ్లే బస్సు దొరికే వైపు కాక రెండో వైపు నడుచుకుంటూ పోయాడు.